పాయింట్ మూసుకునున్నప్పుడు చూశావా?

నేనుండేది కెంటకీలో, లూయీవిల్ కి ముప్పావు గంట దూరంలో ఒక చిన్న ఊరు. అమెరికా అనగానే అందరూ సాఫ్ట్‌వేరా అనడుగుతారు, కాదండీ, అక్క వేసిన పిటిషన్ పద్నాలుగేళ్ళకి తేలితే వచ్చినోణ్ణి, లాన్ మూవర్లు, గార్డెన్ ట్రాక్టర్లు రిపేర్ చేసే షెడ్డులో పని. నరసరావుపేటలో మా నాన్న బుల్లెట్ మెకానిక్, నేను పదో తరగతి నుంచీ ఆయన పక్కన కూర్చుని పానాలు అందించినోణ్ణి, ఆ తర్వాత ఐటీఐ. ఇక్కడికొచ్చిన మొదటి నెల పని కంటే పేర్లే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి, పెట్రోల్ ని గ్యాస్ అంటారు, సైలెన్సర్ ని మఫ్లర్ అంటారు, పానాలన్నీ అంగుళాల లెక్క.

ఏప్రిల్ వచ్చిందంటే ఇక ఊపిరాడదు. గడ్డి పెరుగుతుంది, చలికాలమంతా గరాజ్ లో పడున్న బండి స్టార్ట్ అవదు, అందరూ ఒకేసారి తెచ్చి పడేస్తారు. సగం బండ్లకి పాత పెట్రోలే సమస్య, మిగిలినవాటిలో చాలావరకు కరెంట్ రాకపోవడం, అంటే ప్లగ్ కి స్పార్క్ రాకపోవడం.

కొత్త బండ్లకి పాయింట్ ఉండదు, అంటే కాయిల్ లో కరెంట్ ని కలిపి తెంచే చిన్న స్విచ్, అది తెగినప్పుడల్లా ప్లగ్ కి స్పార్క్ వస్తది. వీటికి ఫ్లైవీల్ లో అయస్కాంతం, దాని పక్కన స్పార్క్ పుట్టించే కాయిల్, అంతే. కాయిల్ నుంచి ఒక సన్నటి వైరు వస్తది, దాన్ని బాడీకి ఎర్త్ చేస్తే ఇంజన్ ఆగిపోద్ది. సీటు కింద స్విచ్, బ్రేక్ స్విచ్, బ్లేడు స్విచ్ అన్నీ ఆ వైరు మీదే పని చేస్తాయి, వాటిలో ఒకటి పాడైనా, ఎలక వైరు కొరికినా స్పార్క్ ఉండదు. అందుకే నేను ముందు ఆ వైరు కాయిల్ దగ్గర పీకేసి చూస్తా, స్పార్క్ వచ్చిందా కాయిల్ మంచిదే, తప్పు స్విచ్చుల్లో ఉంది. ఇది చూడ్డానికి మాత్రమే, అలాగే వదిలేసి గడ్డి కొయ్యకండి, అప్పుడు తాళం తిప్పినా ఇంజన్ ఆగదు, సీట్లోంచి పడినా బ్లేడు తిరుగుతానే ఉంటది.

నేను చెప్పాలనుకున్నది మాత్రం ఒక పాత బండి సంగతి. పోయిన మే నెలలో ఎనభై దాటిన పెద్దాయన ఒకాయన కబ్ కేడెట్ 124 తెచ్చాడు. కబ్ కేడెట్ గార్డెన్ ట్రాక్టర్లని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు 1961 నుంచి ఇక్కడే లూయీవిల్ ఫ్యాక్టరీలో చేసేవాళ్ళు, అందుకే ఈ చుట్టుపక్కల వాటి మీద ప్రేమ ఎక్కువ. దీని ఇంజన్ కోలర్ కె301, ఒకటే సిలిండరు, 12 హార్స్ పవర్. పాతిక నిమిషాలు గడ్డి కోస్తుంది, ఆగిపోద్ది, అరగంట ఆగితే మళ్ళీ మామూలే. వేరే షెడ్డులో అప్పటికే ప్లగ్గు, కండెన్సర్, కాయిల్ మార్చేశారంట, డబ్బులు పోయాయి గానీ రోగం పోలేదు. మా ఓనర్ కి పాయింట్లున్న ఇంజన్లంటే అంత ఇష్టముండదు, తీసుకోవద్దులే అన్నాడు, నేనే అడిగి మరీ తీసుకున్నా. ఇంజన్ పక్కన చిన్న మూత విప్పితే లోపల సీబీ పాయింట్, బుల్లెట్ లో చూసి చూసి ఉన్న అదే సీబీ పాయింట్, ఇంటి మనిషి కనిపించినట్టు అనిపించింది నాకు.

పాయింట్ నల్లగా ఉంది. ఈ ఇంజన్ లో క్యామ్ నుంచి ఒక చిన్న రాడ్ వచ్చి పాయింట్ ని నెడుతుంది, అది అరిగితే దాని పక్కనుంచి ఆయిల్ ఊరి పాయింట్ మీదకొస్తది. తుడిచి, కొత్త పాయింట్ వేసి గ్యాప్ 20 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, పెట్టా, ప్లగ్ కి 35. ఫ్లైవీల్ మీద ఎస్ అని అక్షరం ఉంటది, అది గుర్తుకి ఎదురుగా వచ్చినప్పుడు పాయింట్ అప్పుడే విడిపోవాలి, అది కూడా సరిచూశా. స్టార్ట్ చేస్తే ఎంత బాగా పలికిందో. సరిగ్గా ఇరవై ఆరో నిమిషం, దగ్గు లేదు ఏమీ లేదు, ఆగిపోయింది.

ముందు ట్యాంక్ మూత వదులు చేశా, ఎందుకంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా అచ్చం ఇలాగే ఆగుద్ది. కాదు. స్పార్క్ చూస్తే అసలు లేదు. ఈ పాత బండిలో కాయిల్ కి కరెంట్ బ్యాటరీ నుంచి వస్తది, మీటర్ తీసి కాయిల్ ప్లస్ దగ్గర పెడితే 12.2 వోల్ట్స్ చూపించింది. కరెంట్ వస్తుంది కదా అని షెడ్డులో ఉన్న మంచి కాయిల్ వేశా, మళ్ళీ పాతిక నిమిషాలకి అదే. సాయంత్రం ఆరైంది, ఓనర్ తాళాలు పట్టుకుని నిలబడ్డాడు.

రాత్రి తొమ్మిదింటికి, మనకి పొద్దున ఆరున్నర, నాన్నకి ఫోన్ చేశా. ఆయన అప్పటికే టీ తాగి షెడ్డు ముందు నీళ్ళు చల్లుకుంటున్నాడు. మొత్తం విని ఒకటే అడిగాడు.

"ఒరేయ్, మీటర్ పెట్టినప్పుడు పాయింట్ మూసుకునుందా, తెరుచుకునుందా?"

"చూళ్ళేదు నాన్నా."

"అదే మరి. తెరుచుకునుంటే కాయిల్లో కరెంట్ పారదు కదరా, పారకపోతే ఎంత పాడైన వైరైనా పన్నెండే చూపిస్తది. మీటర్ కాదు, బల్బు పెట్టు."

నాకు వెంటనే వెలిగింది. నాన్న దగ్గర మీటర్ ఎప్పుడూ లేదు, హోల్డర్ కి రెండు వైర్లు కట్టిన ఇండికేటర్ బల్బు ఒకటి మేకుకి వేలాడేది, దాంతోనే అన్నీ పట్టేసేవాడు. బల్బు రెండు ఆంప్స్ దాకా లాగుద్ది, మీటర్ ఏమీ లాగదు. తుప్పు పట్టిన జాయింట్ గుండా కొంచెం కరెంట్ వెళ్తుంది గానీ ఎక్కువ వెళ్ళదు, ఆ తేడా బల్బుకే తెలుస్తది.

మర్నాడు 1156 నంబర్ బల్బు ఒకటి, ఇక్కడ పాత కార్ల ఇండికేటర్లకి వాడేది, దానికి వైర్లు కట్టుకుని ఇంజన్ వేడెక్కి ఆగేదాకా నడిపించా. ఆగగానే కాయిల్ ప్లస్ కి పెడితే బల్బు చచ్చినట్టు, లోపల తీగ ఎర్రగా పురుగులా కనపడింది తప్ప వెలుగు లేదు. బ్యాటరీ దగ్గర పెడితే కళ్ళు జిగేల్. చేత్తో ఫ్లైవీల్ తిప్పి పాయింట్ మూసి మీటర్ పెట్టా, 12.2 కాస్తా 6.8 అయింది. బ్యాటరీ నుంచి కాయిల్ కి నేరుగా ఒక వైరు వేసి తాళం తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్ట్. ఇక దారి వెతకడమే, డ్యాష్ విప్పి తాళం స్విచ్ వెనక చూస్తే టెర్మినల్ వదులై నల్లగా మాడిపోయి, వైరు మీద ప్లాస్టిక్ కరిగి ఉంది. కాయిల్ కి పోయే మూడు ఆంప్స్ ఆ వదులు జాయింట్ ని మెల్లగా వేడి చేస్తుంది, వేడెక్కేకొద్దీ అడ్డం పెరుగుద్ది, పాతిక నిమిషాలకి కాయిల్ కి చాలినంత అందదు. చల్లారితే మళ్ళీ అతుక్కుంటది.

కాబట్టి వేడెక్కితే ఆగే బండి మీ దగ్గరుంటే చల్లగా ఉన్నప్పుడు వెయ్యి పరీక్షలు చేసినా లాభం లేదు, ఆగిన ఆ రెండు మూడు నిమిషాల్లోనే, చెయ్యి కాలినా సరే, చూడాలి. ఇంకోటి, ఇంజన్ ఆగాక తాళం ఆన్ లో వదిలెయ్యకండి, పాయింట్ మూసుకునుంటే కాయిల్ గుండా కరెంట్ పారుతానే ఉండి కాయిల్ కాలిపోద్ది.

కొత్త స్విచ్, రెండు టెర్మినళ్ళు, రెండడుగుల వైరు, అంతే ఖర్చు. పెద్దాయన షెడ్డు వెనక ఖాళీ స్థలంలో గంటా పది నిమిషాలు ఆపకుండా గడ్డి కోశాడు, దిగి నా చెయ్యి పట్టుకుని ఇది ఎక్కడ నేర్చుకున్నావయ్యా అంటే నరసరావుపేట అని చెప్పా, ఆయనకి పలకడం రాలేదు, మూడుసార్లు ప్రయత్నించాడు. ఆ రాత్రి వీడియో పంపితే నాన్న ఆ శబ్దం ఎన్నిసార్లు విన్నాడో అమ్మ చెప్పింది.

బల్బు నా బెంచీ దగ్గర మేకుకి వేలాడుతుంది ఇప్పుడు. ఓనర్ తనకీ ఒకటి కట్టిమ్మన్నాడు, నిన్ననే కట్టిచ్చా.