నా ల్యాప్‌టాప్ తాళం ఎవరిదో మెయిల్‌లో దొరికింది

అనంతపురంలో మా ఇంట్లోనే డీటీపీ జాబ్‌వర్క్ చేస్తాను. పెళ్లి కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, ఎస్కే యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు వస్తుంటాయి. రెండు మిషన్లున్నాయి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు పాత డెస్క్‌టాప్‌లో. వర్డ్, మెయిళ్లు, బ్యాంకు పనులు ల్యాప్‌టాప్‌లో. ఆ ల్యాప్‌టాప్‌ను విండోస్ 10 నుంచి 11కి మార్చాను. మార్చడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆ తర్వాత జరిగినదాని గురించే ఎక్కువ రాస్తున్నా, ఎందుకంటే ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

అసలు మార్చడం ఎందుకు అంటారా? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. కంప్యూటర్ ఆ రోజే ఆగిపోదు, మామూలుగానే నడుస్తుంది. కానీ కొత్తగా బయటపడే లోపాలకు ప్యాచ్‌లు, అంటే వాటిని సరిదిద్దే అప్‌డేట్లు, రావు. నేను పని ఇచ్చే ప్రెస్ ఓనర్ మాత్రం “అప్‌డేట్లన్నీ ఆఫ్ చేసి పడేయమ్మా, ఊరికే స్లో చేస్తాయి” అంటాడు. ఆయనకు వనాక్రై అనే వైరస్ గురించి చెప్పాను. 2017 మేలో ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలు పడ్డాయి, తీయాలంటే 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టమన్నారు. మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. ఆ లోపానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చేసింది. రెండు నెలలుగా దాన్ని వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు. ఆయన విన్నాడు, తలూపాడు, ఏమీ మార్చలేదు. ఆయన ప్రెస్‌కు తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయకుండా నేను మళ్లీ తెరవను.

అలాగని వచ్చిన అప్‌డేట్‌ను వచ్చిన గంటలో వేసేయమని కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక చెడ్డ అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు పడుకున్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. విండోస్ నెలవారీ ప్యాచ్‌లు అమెరికా లెక్కన రెండో మంగళవారం విడుదలవుతాయి, మనకు బుధవారం తెల్లవారేసరికి వచ్చి ఉంటాయి. నేను వారాంతం దాకా ఆగుతాను. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్తే పాజ్ ఉంటుంది, అయిదు వారాల దాకా ఆపుకోవచ్చు. అంతకు మించి ఆపడం మంచిది కాదు. ఇక ఏదో సైటు చూస్తుండగా “మీ కంప్యూటర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి” అని వచ్చేవి అప్‌డేట్లు కావు, వాటి జోలికి పోవద్దు.

ఇంత పెద్ద మార్పుకు ధనుర్మాసం ఎంచుకున్నాను. ముహూర్తాలుండవు, కార్డుల పని ఉండదు. విండోస్ 11కి పనికొస్తుందో లేదో చెప్పే పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాం వేస్తే ల్యాప్‌టాప్ పాస్ అయింది. ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ పైది ప్రాసెసర్ కావాలి, టీపీఎం 2.0 (తాళాలు దాచే చిప్), సెక్యూర్ బూట్ (ఆన్ చేయగానే అసలైన సాఫ్ట్‌వేరే నడిచేలా చూసే సెట్టింగ్) ఉండాలి, 4 జీబీ ర్యామ్ ఉండాలి. ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, కొన్ని తెరిచి చూసుకున్నాను. కాపీ అయింది అనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు. ఛార్జర్ పెట్టి, అప్‌డేట్ నొక్కి, వంటలోకి వెళ్లాను. వచ్చేసరికి అయిపోయింది.

ఒక్కటే తేడా, స్పీకర్‌లో చిటపటమని చప్పుడు. అది సౌండ్ డ్రైవర్ (స్పీకర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) గొడవ, నేనే సరిచేసుకునేదాన్ని. మరీ నచ్చకపోతే 10 రోజుల లోపల పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే వీలు కూడా ఉంది. మా ఆయన వింటేనా! సర్వీస్ సెంటర్‌లో తెలిసినవాళ్లున్నారని ల్యాప్‌టాప్ పట్టుకెళ్లారు. తెలిసినవాళ్లు అనగానే నాకు భయం పట్టుకుంది.

స్పీకర్ చప్పుడుకు ఆ సెంటర్‌వాళ్లు చేసిన వైద్యం బయాస్ మార్చడం. బయాస్ అంటే విండోస్ కంటే ముందు నడిచే, మిషన్ లోపలి ప్రోగ్రాం. ఎవరూ అడగలేదు. బయాస్ అప్‌డేట్ చేసి, సెక్యూర్ బూట్ సెట్టింగ్‌ను కూడా కదిలించారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నీలం తెర. బిట్‌లాకర్ అట, డిస్క్‌కు విండోస్ వేసే తాళం, 48 అంకెల రికవరీ కీ కొట్టమంటోంది. అంత పొడవు అంకె నేను ఎప్పుడూ పెట్టుకోలేదు. తిరిగి తీసుకెళ్తే కౌంటర్‌లో అబ్బాయి తెర వైపు సరిగా చూడకుండానే “హార్డ్ డిస్క్ పోయింది మేడమ్, ఫార్మాట్ కొట్టాలి” అన్నాడు. డిస్క్ పోతే అది కీ ఎందుకు అడుగుతుందయ్యా అంటే, “మీకు అర్థం కాదులెండి, సార్‌ను పంపించండి” అన్నాడు. ఇరవయ్యేళ్లుగా కీబోర్డు మీదే బతుకుతున్నా. ఆ సార్‌కు ఫోన్‌లో ఓటీపీ ఎక్కడొస్తుందో నేనే చూపిస్తాను.

ఫార్మాట్‌కు ఒప్పుకోలేదు. బ్యాకప్ తీసిన తర్వాత ఒక థీసిస్‌లో రెండు అధ్యాయాల కరెక్షన్లు చేసి ఉన్నాను, ఆ అమ్మాయి సబ్మిట్ చేయాల్సిన గడువు దగ్గరలో ఉంది.

ఇంటికొచ్చి కూర్చుని చదివితే సంగతి అర్థమైంది. కొత్త ల్యాప్‌టాప్‌ను మొదటిసారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో తెరిచినప్పుడు, చాలావాటిలో డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడుతుంది. ఆ కీ ఆ అకౌంట్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. బయాస్ మారితే లోపలి టీపీఎం చిప్ “ఇది నేనెరిగిన మిషన్ కాదు” అని కీ అడుగుతుంది. బయాస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయడం, అంటే కాసేపు ఆపి ఉంచడం, ఆ పనిలో ఉన్నవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి విషయం. నీలం తెర మీద కీ ఐడీ (ఏ కీ కావాలో చెప్పే గుర్తు) ఉంటుంది, అకౌంట్ ఏదో తెలిసేలా మెయిల్ సూచన కూడా ఉంది. మొదటి అక్షరాలు చూశాను. నాది కాదు, మా ఆయనది కాదు. ల్యాప్‌టాప్ అమ్మిన షాపు పేరు!

కొన్నప్పుడు షాపులో కుర్రాడు తన మెయిల్‌తో తెరిచి, తర్వాత నా పేరుతో ఇంకో లాగిన్ చేసి చేతికిచ్చాడన్నమాట. ఇల్లు కట్టించుకుని, తాళంచెవి మేస్త్రీ దగ్గర వదిలేసి వచ్చినట్టు. అది కూడా నాకు చెప్పకుండా.

షాపుకు వెళ్లాను. ఓనర్ లేచి కూడా చూడలేదు. “మేం విండోస్ వేసిచ్చాం, మా పని అయిపోయింది” అన్నాడు. తెర ఫోటో చూపించి ఈ మెయిల్ ఎవరిదని అడిగితే, పక్కన నిలబడ్డ కస్టమర్‌తో “వీళ్లే పాస్‌వర్డ్ పెట్టుకుంటారు, మర్చిపోతారు, మన మీద పడతారు” అని నవ్వాడు. నలుగురూ నా వైపు చూశారు. బిల్లు తీసి బల్ల మీద పెట్టి, కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఇక్కడి నుంచే ఫోన్ చేస్తానన్నాను. అప్పుడు లేచాడు. మెయిల్ వాళ్లదే, కానీ పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. ఓటీపీ వెళ్లే నంబరు అప్పట్లో పనిచేసిన కుర్రాడిది, అతను మానేసి బెంగళూరు వెళ్లిపోయాడట. నంబరు మాత్రం ఇచ్చాడు, అదీ గొణుగుతూనే.

ఆ కుర్రాడు మంచివాడు. రాత్రి డ్యూటీ దిగి తనే ఫోన్ చేశాడు. “అక్కా, ఓనర్ అట్లనే చెయ్యమన్యాడు, ఒకే మెయిల్ పెడితే తొందరగా అయిపోతుందని” అన్నాడు. అకౌంట్ తెరిచి చూస్తే వరసగా ఎన్ని ల్యాప్‌టాపుల కీలో. అనంతపురం, తాడిపత్రి, ఉరవకొండ... ఎవరెవరివో. నా తెర మీది కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు చదివితే వాటితో వెతికి పట్టుకున్నాడు. స్క్రీన్‌షాట్ పంపమంటే, కంపెనీ సిస్టమ్‌లో చూస్తున్నానని, వాట్సాప్ అక్కడ పనిచేయదని చెప్పాడు. చదువుతుంటే పాత ప్రూఫ్ కాగితం వెనక రాసుకున్నాను. ఆరంకెల గుంపులు ఎనిమిది. ఒక గుంపులో చివరిది ఫైవో నైనో సరిగా వినపడలేదు, ఫోన్ కట్టయింది. మళ్లీ కలిసినప్పుడు “క్యాలిక్యులేటర్ తీయక్కా, ప్రతి గుంపూ పదకొండుతో సరిగ్గా భాగం పోవాల” అన్నాడు. 420369 పోలేదు. 420365 పోయింది. కొట్టాను. విండోస్ తెరుచుకుంది, కరెక్షన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ రాత్రే ముందు థీసిస్ కాపీ తీసి, నా సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యాను. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, అది పూర్తయ్యాక మళ్లీ ఆన్ చేశాను. అలా చేస్తే కొత్త కీ పుడుతుంది, షాపు మెయిల్‌లో ఉన్నది దేనికీ పనికిరాదు. కొత్తదాన్ని ప్రింట్ తీసి ఇంటి పత్రాల ఫైల్‌లో పెట్టాను. మీ ల్యాప్‌టాప్ కూడా షాపులోనే తెరిపించి ఉంటే, బాగా నడుస్తున్నప్పుడే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి “మేనేజ్-బీడీఈ” కమాండ్‌తో ప్రొటెక్టర్లు (డిస్క్ తాళం తీసే కీల వివరాలు) చూడండి, ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే 48 అంకెలూ అక్కడే కనిపిస్తాయి. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు బయాస్ ముట్టుకోవద్దని రసీదు మీద రాయించుకోండి. రాయనంటే వేరే చోటికి వెళ్లండి.

సర్వీస్ సెంటర్‌వాళ్లు చెకింగ్ ఛార్జీ అడిగారు. ఇవ్వలేదు. స్పీకర్ చప్పుడు డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కు వెనక్కి తిప్పితే పోయింది, నేను మొదట అనుకున్నదే.

మిగిలింది డెస్క్‌టాప్. 4వ తరం ఐ3, విండోస్ 11కి పనికిరాదు. విండోస్ 10కే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇచ్చే ఏర్పాటు ఒకటుంది, అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. దాంట్లో నమోదు చేశాను. మామూలు రోజుల్లో నెట్ కేబుల్ పీకేసి ఉంచుతున్నాను, ప్యాచ్‌ల రోజున మాత్రం పెడతాను. అక్టోబర్ తర్వాత పేజ్‌మేకర్ ఫైళ్ల సంగతి ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. అను ఫాంట్లు వదిలేసి, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే యూనికోడ్ తెలుగులోకి మార్చుకోమని మా అమ్మాయి అంటోంది. పాత పెళ్లి కార్డుల డిజైన్లన్నీ మళ్లీ కూర్చుని కంపోజ్ చేయాలంటే ఆషాఢం దాకా ఆగాల్సిందే.