కార్మికుల ఆరోగ్య బీమాపై జీఎస్టీ క్రెడిట్: నా అనుభవం

జడ్చర్ల సమీపంలో డ్రిప్ పరికరాలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో నేను లెక్కలు చూస్తాను. 2020 మే నెలలో మా యజమాని కార్మికులకూ వారి కుటుంబాలకూ కలిపి గ్రూపు ఆరోగ్య బీమా తీసుకున్నారు. "మన దగ్గర పనిచేసేటోళ్లకు ఏమన్నా అయితే ఎవరు చూస్తరు" అన్నది అప్పుడు ఆయన అన్న మాట. ప్రీమియం 2,60,000 రూపాయలు కాగా, దానిపై 18 శాతం చొప్పున 46,800 రూపాయల జీఎస్టీ పడింది. ఈ పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుందా, అంటే మేము కట్టవలసిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకోవచ్చా అని ఆయన నన్ను అడిగారు. ఆ ప్రశ్న పూర్తిగా తేలడానికి మూడేళ్లు పట్టింది.

మామూలుగా అయితే రాదు. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టంలోని సెక్షన్ 17(5)(బి) ఆరోగ్య బీమాను క్రెడిట్ నిషేధించిన సేవల్లో చేర్చింది. అయితే 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, అమల్లో ఉన్న ఏదైనా చట్టం కింద ఆ సేవను ఉద్యోగులకు కల్పించడం యజమానికి తప్పనిసరి అయినప్పుడు క్రెడిట్ తీసుకోవచ్చు. యజమాని తన ఇష్టంతో చేయించిన బీమా, ఎంత మంచి ఉద్దేశంతో చేయించినా, ఈ మినహాయింపులోకి రాదు. కాబట్టి మాకు ఆధారంగా ఒక చట్టం కావలసి వచ్చింది. 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద జారీ చేసిన ఉత్తర్వుల అనుబంధంలో, పని ప్రదేశాల్లో పాటించవలసిన కోవిడ్ జాగ్రత్తల నడుమ, కార్మికులకు వైద్య బీమాను తప్పనిసరి చేయాలన్న ఒక్క వాక్యం కనిపించింది. ఆ ఉత్తర్వు ప్రతిని ముద్రించి పాలసీతో కలిపి ఫైలులో పెట్టాను. మూడేళ్ల తర్వాత నన్ను ఆదుకున్నది ఆ కాగితమే.

మొదటి చిక్కు బీమా సంస్థ ఇన్‌వాయిస్‌తో వచ్చింది. అందులో మా జీఎస్టీ నంబరు వేయలేదు గనుక మాకు అమ్మినవారు చూపిన పన్ను కనిపించే జీఎస్టీఆర్-2ఏ పట్టికలో అది రాలేదు. పదే పదే ఉత్తరాలు రాసి దిద్దించుకున్నాక, మొత్తం 46,800 రూపాయలూ క్రెడిట్‌గా తీసుకున్నాను. అక్కడే నేను పొరపాటు చేశాను.

2023లో మా రిటర్నుల్లోని ఈ క్రెడిట్‌పై వివరణ కోరుతూ జీఎస్టీ అధికారి నుంచి ఏఎస్ఎంటీ-10 నోటీసు వచ్చింది. జవాబుకు ముప్పై రోజుల గడువు. విచారణలో అధికారి లేవనెత్తిన మొదటి అభ్యంతరం, మినహాయింపు వాక్యం ఆ క్లాజు చివరన, ఉద్యోగుల విహార ప్రయాణాల ఉపక్లాజు కింద ఉంది కనుక దానికే పరిమితమవుతుందని. చట్టం పేజీని చూస్తే అలా అనిపించడం సహజమే. కానీ ఆ మినహాయింపు క్లాజు (బి) మొత్తానికి వర్తిస్తుందని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 జులై 6న ఇచ్చిన 172వ సర్క్యులర్ స్పష్టం చేసింది. ఆ సర్క్యులర్ ప్రతి, హోం శాఖ ఉత్తర్వు, పాలసీ, పాలసీలోని పేర్లను సరిపోల్చే హాజరు పట్టీ జతచేసి జవాబు ఫారమైన ఏఎస్ఎంటీ-11లో జవాబిచ్చాను.

రెండో అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. ఉత్తర్వు కార్మికుల గురించి మాత్రమే చెప్పింది, వారి కుటుంబాల గురించి చెప్పలేదు. బీమా సంస్థ ఇచ్చిన మనిషి వారీ ప్రీమియం పట్టిక తీసి చూస్తే కార్మికుల వాటా 1,70,000 రూపాయలు, కుటుంబాల వాటా 90,000 రూపాయలు. అంటే 30,600 రూపాయల క్రెడిట్ నిలబడుతుంది, 16,200 రూపాయలు వదులుకోవాలి. వాదించకుండా, మనంతట మనమే పన్ను చెల్లించే డీఆర్‌సీ-03 ఫారం ద్వారా ఆ 16,200 రూపాయలను చెల్లించాను.

వడ్డీ మాటకు వస్తే, మొదట నేను భయపడ్డాను. తప్పుగా తీసుకున్న క్రెడిట్‌ను వాడుకున్నప్పుడే సెక్షన్ 50(3) కింద వడ్డీ పడుతుంది. క్రెడిట్ ఖాతాలో నిల్వ ఆ మొత్తం కంటే తగ్గితేనే వాడుకున్నట్టు లెక్క అని నియమం 88బి చెబుతుంది. మా ముడిసరుకైన ప్లాస్టిక్ గ్రాన్యూల్స్‌పై 18 శాతం, మేము అమ్మే పరికరాలపై అప్పట్లో 12 శాతం పన్ను ఉండేది కనుక మా ఖాతాలో నిల్వ ఎప్పుడూ లక్షల్లోనే ఉండేది. నెలవారీ నిల్వల పట్టిక చూపించాక అధికారి వడ్డీ అడగలేదు. కొన్ని వారాల తర్వాత, జవాబు సంతృప్తికరంగా ఉందని తెలిపే ఏఎస్ఎంటీ-12 ఉత్తర్వు వచ్చింది.

ఆ తర్వాతి పాలసీలకు నేను క్రెడిట్ తీసుకోలేదు. బీమా కల్పించాలన్న చట్టపు ఆధారం చేతిలో లేనప్పుడు, ఆ పన్నును జీఎస్టీ రిటర్ను 3బీలోని పట్టిక 4(ఎ)లో చూపి, 4(బి)(1)లో వెనక్కి తీసేస్తున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ తొలగించినా, మా వంటి గ్రూపు పాలసీలపై 18 శాతం అలాగే ఉంది. అందుకే మా యజమాని పాలసీ పునరుద్ధరించే ప్రతిసారీ ప్రీమియాన్ని పన్నుతో సహా ఖర్చుగానే లెక్కవేసి చూపిస్తున్నాను. కార్మికుల వాటా, కుటుంబాల వాటా వేర్వేరుగా రాసిన పట్టికను మాత్రం బీమా సంస్థ నుంచి ముందే తీసుకుంటున్నాను.