రట్టన్ బజార్‌లో ఒక సైకిలు సీటు

నెల్లూరు వాళ్లం మద్రాసు వెళ్లడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. పెళ్లి చీరలకు టి. నగర్ వెళ్తాం, పెద్ద డాక్టర్లకు చూపించుకోవడానికి వెళ్తాం, ఏ పనీ లేకపోతే చుట్టాలను చూసి రావడానికైనా వెళ్తాం. సంక్రాంతి సెలవుల్లో చివరి మూడు రోజులు మిగుల్చుకుని నేను పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కింది మాత్రం ఒక సైకిలు సీటు కోసం. ఒళ్లో పెట్టుకున్న గుడ్డసంచిలో నా పాత సీట్లు రెండూ ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ అవేమిటని అడిగితే చెప్పాను గాని, వాటితో వచ్చిన బాధ ఏమిటో చెప్పలేకపోయాను. ‘సరిగా లేవండీ, మార్చుకోవాలి’ అని ఊరుకున్నాను.

నాకు నలభై మూడేళ్లు. ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతాను. రెండేళ్లుగా ఆదివారం తెల్లవారుజామున మైపాడు సముద్రం దాకా సైకిలు మీద వెళ్లి వస్తున్నాను. పదో కిలోమీటరు దాటేసరికి రెండు తొడల మధ్య, ముందు వైపు, తిమ్మిరి మొదలవుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ చోటు పూర్తిగా మొద్దుబారిపోయి, ఇంటికి వచ్చాక గంటసేపటికి గాని స్పర్శ తెలియదు. సైకిలుతో పాటు వచ్చిన సన్నపు సీటే కారణమనుకుని మా ఊళ్లో కొట్టుకు వెళితే, ‘లేడీస్ సీటు’ అని పేరు చెప్పి విసనకర్రంత వెడల్పున్న, స్పాంజి దట్టించిన సీటు బిగించారు. మొదటి రెండు వారాలు హాయిగా ఉంది. తర్వాత తొడల లోపలి వైపు ఒరుసుకుపోయి పుండు పడింది, తిమ్మిరి మాత్రం పోలేదు. దానిమీద నాలుగు వందల యాభై పెట్టి జెల్ కవరు తొడిగించాను, దానితో బాధ రెట్టింపైంది. చివరికి ఒక డాక్టరుకు చూపించుకుంటే, ఆవిడ పరీక్ష కూడా చేయకుండానే ‘ఈ వయసులో సైకిలెందుకమ్మా, నడవండి, చాలు’ అన్నారు. ఆ మాటకు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. మోకాలి నొప్పితో వెళ్లిన మగవాడికి చెప్పు మార్చుకోమని చెప్పేవాళ్లు, నాకు మాత్రం దారే మానుకోమన్నారు.

సెంట్రల్‌లో దిగగానే ఆటో అతను సైకిలు కొట్లుండే రట్టన్ బజార్‌కు నూట ఎనభై అడిగాడు. నడిచి వెళ్లగల దూరమది. నడిచే వెళ్లాను.

రట్టన్ బజార్‌ను ఎరిగిన వాళ్లకు వర్ణించనక్కర్లేదు. చూరుకు వేలాడే టైర్ల కింద నుంచి తల వంచుకుని లోపలికి వెళ్లాలి, పిల్లల సైకిళ్లు ప్లాస్టిక్ కాగితాలు కూడా విప్పకుండా కాలిబాట అంతా ఆక్రమించి ఉంటాయి. సైకిలుకూ ఈ నగరానికీ ఉన్న చుట్టరికం పాతది. అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ కర్మాగారం 1949లోనే పుట్టింది. మా నాన్నగారి హెర్క్యులిస్ సైకిలు అక్కడి నుంచి వచ్చినదే. దాని కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వేలాడుతూ, ఎనిమిదేళ్ల వయసులో తొక్కడం నేర్చుకున్నాను. స్ప్రింగులున్న ఆ తోలు సీటు మీద మాత్రం ఒక్కసారి కూడా కూర్చోలేదు, ఎందుకంటే కాళ్లు అందే వయసు వచ్చేసరికి నన్ను పెద్దమనిషిని చేసి సైకిలు మాన్పించారు. సైకిలు సీటు అనేది ఆడపిల్ల కూర్చోవలసిన వస్తువని మా ఇంట్లో ఎవరికీ తోచినట్టు లేదు.

మొదట వెళ్లిన పెద్ద కొట్టులో కుర్రవాడు నాలుగు సీట్లు బల్ల మీద పరిచి ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి చూపించాడు. ఎంత లోపలికి దిగితే అంత మంచిదన్నది అతని లెక్క. అన్నిటికంటే మెత్తనిది ఆరు వేల ఐదు వందలు అన్నాడు. నా సైకిలే పద్నాలుగు వేలు. నాకు నొప్పి ఎక్కడో చెప్పాలని నోటి దాకా వచ్చింది గాని, పక్కన ముగ్గురు మగవాళ్లు బ్రేకు వైర్లు బేరమాడుతున్నారు. ‘నడుము దగ్గర ఇబ్బంది’ అన్నాను. నడుము నొప్పికి తగిన సీటు తెచ్చి చూపించాడు. అబద్ధం చెప్పింది నేనే కనుక అతని మీద కోపం తెచ్చుకోవడం న్యాయం కాదు. అయినా కోపంతోనే బయటికి వచ్చాను.

ఇలాంటి కొట్లు మూడు తిరిగాక, ఒక సందు మొదట్లో, నిండా పది అడుగుల వెడల్పు కూడా లేని రిపేరు కొట్టు ముందు ఆగాను. లోపల డెబ్భై ఏళ్ల పెద్దాయన చక్రం వంకర తీస్తున్నారు. నా అరకొర అరవం వినగానే ‘తెలుగులోనే చెప్పమ్మా’ అన్నారు. మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నారట. సంచిలోని సీట్లు రెండూ తీసి ఆయన ముందు పెట్టాను. వెడల్పు సీటు అంచుల్లో రెక్సిన్ అరిగిన చోటును వేలితో తడిమి చూసి, నన్ను ఏ ప్రశ్నా వేయకుండా, లోపలి గదిలో బిల్లులు రాసుకుంటున్న కోడలిని పిలిచి, ‘అక్కయ్యకు కొలత తియ్యి’ అని చెప్పి, తాను వెళ్లి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. ఆ పెద్దాయన వీపు నాకు ఎంత మర్యాదగా కనిపించిందో మాటల్లో పెట్టలేను.

ఆ అమ్మాయి నగరి నుంచి కోడలిగా వచ్చిందట. గ్యాసు పొయ్యి ఏదో వచ్చిన పెట్టె నుంచి ముడతల అట్ట ఒక ముక్క చింపి, చెక్క స్టూలు మీద పరిచింది. దాని మీద కూర్చుని, సైకిలు మీద వంగినట్టు కాస్త ముందుకు వంగి, మడమలు పైకెత్తి, ఇరవై అంకెలు లెక్కపెట్టమంది. లేచి చూస్తే అట్ట మీద ఏమీ కనిపించలేదు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి, సుద్దముక్కను అడ్డంగా పెట్టి మెల్లగా రాస్తే, తెల్లబడని రెండు గుంటలు బయటపడ్డాయి. అణా కాసంత గుంటలు. రెండింటి నడిమధ్యల్లో చుక్కలు పెట్టి స్కేలుతో కొలిచి ‘పదమూడు సెంటీమీటర్లు అక్కా’ అంది. కూర్చున్నప్పుడు మన బరువు మోసే ఎముకలు ఆ రెండే. నలభై మూడేళ్లుగా ఒంట్లో ఉన్న వాటి అచ్చును నేను చూడడం అదే మొదలు.

అప్పుడు అడిగింది, ‘నొప్పి ఎముక దగ్గరా, చర్మం మీదా, ముందు భాగంలోనా?’ అని. కాలికి చెప్పు ఎక్కడ కరుస్తోంది అని అడిగినంత మామూలుగా అడిగింది. ముందు భాగంలో అన్నాను. మొద్దుబారుతుందా అంది. అవునన్నాను. రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆమె నా సీట్లు రెండింటినీ కొలిచింది. మొదటిది పదమూడున్నర సెంటీమీటర్ల వెడల్పు. సీటు అంచులు కిందికి వంగి ఉంటాయి కనుక, ఎముకల మధ్య దూరానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే గాని ఎముకలు చదునైన చోట ఆనవు. నావి అంచుల మీద నుంచి జారి, బరువంతా సన్నని నడిభాగం మీద పడింది, అంటే నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తని కండ మీద. రెండోది ఇరవై రెండు సెంటీమీటర్లు. దాని వెడల్పు తొడలకు అడ్డుపడి ఒరిపిడి తెచ్చింది. మరి అంత మెత్తని సీటు మీద తిమ్మిరి ఎందుకు వచ్చిందని అడిగాను. ఆమె ఆ స్పాంజిలో తన రెండు బొటనవేళ్లూ గట్టిగా దింపి చూపించింది. వేళ్లు దిగబడిన చోట లోతు పడితే, మధ్యలో స్పాంజి దిబ్బలా పైకి లేచింది. ఎముకలు దిగిన కొద్దీ ఆ దిబ్బ మెత్తని చోట నొక్కుతూ ఉంటుంది. జెల్ కవరుతో బాధ రెట్టింపు కావడానికి కారణం నాకు ఆ క్షణంలో అర్థమైంది.

ఆడవాళ్ల కటి ఎముక సాధారణంగా వెడల్పుగా ఉంటుంది, అంతమాత్రాన ‘లేడీస్’ అని రాసి ఉన్నదల్లా అందరికీ సరిపోతుందనుకోకూడదని కూడా ఆమె చెప్పింది. తన మామగారి కొలత తన కొలత కంటే ఎక్కువట. నిటారుగా కూర్చుని బజారుకు వెళ్లే ఆవిడకూ, హ్యాండిల్ మీదికి వంగి యాభై కిలోమీటర్లు తొక్కే ఆవిడకూ ఒకే కొలత ఉన్నా ఒకే సీటు పనికిరాదు, వంగిన కొద్దీ సన్నని సీటు కావాలి. నాకు 155 మిల్లీమీటర్ల వెడల్పుతో, గట్టి స్పాంజితో, మధ్యలో పొడుగాటి ఖాళీ ఉన్న సీటు తీసి ఇచ్చింది. మూడు వేల రెండు వందలు. బేరమాడితే వంద తగ్గించారు. ధర ఎక్కువేననిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. నెలకు పన్నెండు వేలు జీతం వచ్చే అమ్మాయి ఈ సీటు ఎలా కొనుక్కుంటుంది?

పార్క్ టౌన్‌లో తిరువాన్మియూరు రైలెక్కాను. స్తంభాల మీద నడిచే ఆ రైలును ఇక్కడివాళ్లు ‘పరక్కుం రయిల్’, అంటే ఎగిరే రైలు, అంటారు. ఆటో అడిగిన డబ్బు ముందు దాని టికెట్టు లెక్కలోకే రాదు. కిటికీ పక్కన కూర్చుని కొత్త సీటు మధ్యలోని ఖాళీలో వేలు పెట్టి చూస్తూ, ఎప్పుడో చదివింది గుర్తు చేసుకున్నాను. 1890లలో యూరప్‌లోనూ అమెరికాలోనూ ఆడవాళ్లు సైకిళ్లెక్కినప్పుడు డాక్టర్లు ఆందోళన పడితే, మధ్యలో ఖాళీ వదిలిన సీట్లను ‘ఆరోగ్యకరమైన సీట్లు’ అని చెప్పి అప్పుడే అమ్మారు. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజనీరు 1985లో ఆడవాళ్ల సైకిళ్ల కోసమే సంస్థ పెట్టి, తర్వాత ఇలాంటి సీట్లు తెచ్చారు. నూరేళ్ల కిందట తెలిసిన సంగతి మా ఊరి కొట్టు దాకా ఇంకా రాలేదు. నా దాకా రావడానికి ఒక రైలు, ఒక పెద్దాయన, ఒక అట్ట ముక్క కావలసి వచ్చాయి.

తిరువాన్మియూరులో మా పిన్ని కూతురు ఉంటుంది. సీటు అడుగున ఉండే కమ్మీలు దాదాపు అన్ని సీట్లకూ ఒకే మందం కనుక పిన్ని కూతురి సైకిలుకే బిగించుకున్నాం. మర్నాడు తెల్లవారక ముందే ఇ.సి.ఆర్. (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదికి చేరాం. అది స్కూటీ మీద నా వెనకే వచ్చింది. నీలాంగరై చేరకముందే ముందు భాగంలో పాత నొక్కుడు మొదలైంది. డబ్బు పోయిందన్న దిగులుతో రోడ్డు పక్కన ఆపాను. కొట్టు నుంచి బయలుదేరేటప్పుడు పెద్దాయన చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది: ‘సీటు ముక్కు పైకి చూడకూడదమ్మా. నొక్కితే ఒక్క బియ్యపు గింజంత దించు, రెండు గింజలు దించితే చేతుల మీదికి జారతావు.’ సెల్‌ఫోను వెలుగులో అలెన్ కీతో బోల్టు వదులు చేసి, సీటు ముక్కు ఆయన చెప్పినంతే దించాను. ఎత్తు కూడా చూసుకున్నాను. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద ఉంచితే కాలు తిన్నగా రావాలి. అంతకంటే ఎత్తయితే తొక్కినప్పుడల్లా నడుము అటూ ఇటూ ఊగి చర్మం ఒరుసుకుపోతుంది.

తర్వాత ఉత్తండి టోల్‌గేటు ఎప్పుడు దాటానో గుర్తు లేదు. ముట్టుకాడు వంతెన మీద సూర్యుడు వస్తుండగా ఆగినప్పుడు ఒక సంగతి తట్టింది. మైపాడు దారిలో ప్రతి ఐదు నిమిషాలకూ పెడళ్ల మీద లేచి నిలబడి ఆ చోటికి కాస్త ఊపిరి పోసేదాన్ని. ఈ ఉదయం ఒక్కసారి కూడా లేవలేదు. రెండు ఎముకల దగ్గర మాత్రం కొత్త చెప్పు వేసుకున్నట్టు సన్నటి నొప్పి ఉంది. అది నాలుగు రోజుల్లో పోయే నొప్పి అని ముందే చెప్పారు. వంతెన దగ్గర టీ తాగుతున్న సైకిలు బృందంలో నా వయసావిడ ఒకరు నా సీటు చూసి పలకరించి, ప్యాడ్ ఉన్న షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లే ఒరుసుకుంటాయి అని చెప్పారు. చుట్టూ మగవాళ్లున్నారు. ఆవిడ గొంతు తగ్గించలేదు. టీ ఇరవై రూపాయలు, నాలుగు గుక్కలు కూడా లేవు.

మూడో రోజు తిరుగు రైల్లో, సూళ్లూరుపేట దాటాక, రట్టన్ బజార్ అమ్మాయి ఫోను చేసింది. పెట్టె మనుషులతో కిక్కిరిసి ఉంది. భుజానికి భుజం ఆనించి కూర్చున్న ఆయన పేపరు చదువుకుంటున్నారు.

‘అక్కా, ముందు భాగంలో తిమ్మిరి వచ్చిందా?’ అంది.

‘మొదట వచ్చింది. ముక్కు దించాక ముందు భాగంలో తిమ్మిరీ లేదు, నొప్పీ లేదు. ఎముకల దగ్గర కొద్దిగా ఉంది’ అన్నాను, రైలు చప్పుడుకు వినపడేట్టు.

వారం తొక్కాక బోల్టు మరోసారి బిగించుకోమంది. మా బడికి సైకిళ్ల మీద వచ్చే ఆడపిల్లల కొలతలు తీసి పంపిస్తే ధర ఎంత తగ్గించగలరని అడిగాను. మామగారిని అడిగి చెబుతానంది. సంచిలో పాత సీట్ల పక్కన, ఆమె మడిచి ఇచ్చిన అట్ట ముక్కలు పది ఉన్నాయి.