అద్దె అగ్రిమెంటులో ‘డీమ్డ్’ – నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో ఇల్లు కుదిరాక ఓనరు గారు రెంటల్ అగ్రిమెంటు డ్రాఫ్టు పంపారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఇక్కడ 11 నెలలకే రాసుకోవడం మామూలు. అద్దె, అడ్వాన్సు, పెయింటింగ్ ఖర్చు అన్నీ అర్థమయ్యాయి. నోటీసు క్లాజు దగ్గర మాత్రం ఆగిపోయాను. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపితే మూడో రోజుకి అది ‘డీమ్డ్ టు హావ్ బీన్ సర్వ్‌డ్’ అట.

‘డీమ్’ అంటే భావించు, ఎంచు అని నిఘంటువు చెబుతుంది. ఆ అర్థంతో చదివితే ఒకటే టెన్షన్. భావించేది ఎవరు? ఓనరా, కోర్టా? నోటీసు నాకు అసలు చేరకపోతే?

ఈ క్రియని ఇంకెక్కడ వాడతారా అని ఆలోచిస్తే డీమ్డ్ యూనివర్సిటీ గుర్తొచ్చింది. ఇంటర్ పిల్లలున్న ప్రతి ఇంట్లో వినపడే మాటే. 1956 నాటి యూజీసీ చట్టం మూడో సెక్షన్ కింద, యూనివర్సిటీ కాని విద్యాసంస్థకి కేంద్రం ఆ హోదా ఇవ్వొచ్చు. ఈ ఊళ్లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి 1958లో అలాగే వచ్చింది. అందులో ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు, చట్టం దృష్టిలో అది యూనివర్సిటీ అయినట్టే లెక్క. నా నోటీసు సంగతీ అంతే: చేతికి రాకపోయినా అందినట్టే లెక్క! పైగా ‘టు హావ్ బీన్’ అన్నారు కాబట్టి మూడో రోజుకే ఆ పని పూర్తయిపోయినట్టు. నేను పండక్కి ఊళ్లో ఉన్నా ఇల్లు ఖాళీ చేయాల్సిన గడువు నడుస్తూనే ఉంటుంది. అద్దెకుండేవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం.

పై అంతస్తులో నెల్లూరు లాయరు బాబాయిగారు ఉంటారు. ఆయనకి చూపించాను.

“నువ్వు చదివింది కరెక్టేనమ్మా. 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ తీసి 27వ సెక్షన్ చూడు. చట్టప్రకారం పోస్టులో పంపే కాగితాలకి అక్కడా ఇదే క్రియ. కానీ ఎప్పుడు అందినట్టు అనే దగ్గర, ‘అందుకు విరుద్ధంగా రుజువు చేస్తే తప్ప’ అని ఉంటుంది. నీ అగ్రిమెంటులో ఆ ముక్క లేదు. అడిగి పెట్టించుకో.”

ఓనరు గారికి ఫోన్ చేసి ఆ ముక్క చేర్చమన్నాను. నోటీసు కాపీ వాట్సాప్‌లో కూడా పంపాలని రాయమన్నాను. రెండింటికీ ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. కొత్త డ్రాఫ్టు రాగానే ముందు ఆ క్లాజు చదివి, తర్వాతే సంతకం పెట్టాను.