ముడుపు

నాన్న పోయి ఎనిమిది నెలలు. అమ్మను హిందూపురం నుంచి బెంగళూరు తీసుకొచ్చినా నిద్ర లేదు, దీపం పెట్టడం మానేసింది. నాన్న ఆపరేషన్‌కి ముందు వెంకన్నకు ముడుపు కట్టింది. "కొండకెళ్ళడం ఆలస్యం చేశాను, అందుకే తీసుకెళ్ళిపోయాడు" అని ఒకటే కుమిలిపోవడం. ముందు చూపించిన చోట "అవన్నీ మూఢనమ్మకాలు" అన్నారు. ఇక అమ్మ నోరు విప్పలేదు.

మొన్న శనివారం మా బీటీఎం లేఅవుట్‌లో కమ్యూనిటీ హాల్లో కౌన్సెలింగ్ ఉందంటే వెళ్ళాం. కౌన్సెలింగ్ చేసే ఆవిడ తెలుగులోనే, "ముడుపు ఎక్కడ దాచారమ్మా?" అని అడిగారు. అమ్మ కొంగు ముడి విప్పింది. పసుపు గుడ్డ వెలిసిపోయింది, లోపలి నాణెం గుండ్రంగా అచ్చు పడింది. ఇన్నాళ్ళూ ఒంటిమీదే మోస్తోందని నాకు తెలియనే తెలియదు. ఆవిడ ఏ తీర్పూ చెప్పలేదు. "మొక్కు సంగతి మీ పూజారిగారిని అడగండి, మాత్రలు మాత్రం ఆపకండి" అన్నారు. అమ్మ చాలాసేపు ఏడ్చింది.

రాత్రుళ్ళు కష్టమైతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయమన్నారు. 2022లో మొదలైన ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. అందుకే అమ్మను అడిగి ఇది రాస్తున్నాను.

ఇవాళ దీపం వెలిగింది. ముడుపు దేవుడి గూట్లో ఉంది. సంవత్సరీకం అయ్యాక ఇద్దరం కొండకెళ్తాం.