కడప నుంచి కువైట్ ఆఫీసుకు వచ్చేవాళ్లకు మెయిల్ సంగతులు

ఉమ్మడి కడప జిల్లా నుంచి కువైట్‌కి వచ్చేవాళ్లంటే ఇళ్లలో పనికి, డ్రైవింగుకే అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. రాయచోటి, రాజంపేట వైపు ఏ వీధిలో అడిగినా ఎవరో ఒకరు ఇక్కడ ఉండే మాట నిజమే. కానీ డిగ్రీ, బీటెక్ చేసిన పిల్లలు ఆఫీసు పనులకూ బాగానే వస్తున్నారు. స్టోర్ కీపర్లు, సైట్ సెక్రటరీలు, డ్రాయింగులు, కాగితాల లెక్క చూసే నాలాంటి డాక్యుమెంట్ కంట్రోలర్లు. వీళ్లకు ఎక్సెల్ వచ్చు, కొందరికి ఆటోక్యాడ్ కూడా వచ్చు. మెయిల్ మాత్రం ఎవరూ నేర్పరు. "దాంట్లో ఏముందన్నా, టైపు చేసి సెండ్ కొట్టడమే కదా" అంటారు. అంతే అబ్బీ. కొట్టినాక తెలుస్తుంది.

మాది కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్టు ఆఫీసు. ఇంజినీరు ఈజిప్టు ఆయన, అకౌంటెంటు మలయాళీ, స్టోరులో బంగ్లాదేశ్ వాళ్లు, మధ్యలో మనం. ఎవరి ఇంగ్లీషు వాళ్లది. ఫోన్లో "యల్లా, ఖలాస్" (అరబిక్‌లో పద, అయిపోయింది) అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నెల తిరిగేసరికి ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు, గుర్తున్నా ఒప్పుకోరు. నాకు తెలిసిన రాయచోటి అతను ఒకాయన సెలవు సంగతి సూపర్‌వైజరుతో నోటిమాటగా మాట్లాడుకుని, అది చాల్లే అనుకోకుండా తేదీలు రాసి ఒక మెయిల్ కూడా పెట్టినాడు. అవతల నుంచి "ఓకే" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఆయన ఊరికి పోయినాక ఆ సూపర్‌వైజరు కంపెనీ మారిపోయినాడు. కొత్తగా వచ్చినాయన, చెప్పకుండా పోయినాడని గోల పెట్టినాడు. ఇక్కడ ఆ మాట పారిపోయినాడనే కేసు దాకా పోవచ్చని గల్ఫులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. చివరికి అతన్ని కాపాడింది ఆ "ఓకే"నే. అందుకే ఫోన్లో ఏది తేలినా, పెట్టేసిన వెంటనే "మనం ఇప్పుడు అనుకున్నది ఇదీ" అని రెండు లైన్ల మెయిల్ పెట్టమంటాను.

ఆ మెయిల్ ఆరు నెలల తర్వాత దొరకాలంటే సబ్జెక్ట్ లైన్ బాగుండాలి. "అర్జెంట్", "డ్రాయింగ్", "ప్లీజ్ సీ" అని పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రాజెక్టు నంబరు, డ్రాయింగ్ నంబరు, ఎన్నో రివిజన్ (అంటే ఎన్నోసారి మార్చింది), అవతలివాళ్లు ఏం చేయాలి: ఈ వరసలో రాస్తే చాలు. ఒక మెయిల్‌కి ఒకే సంగతి. పంపు గది డ్రాయింగ్ మీద నడుస్తున్న పాత మెయిల్‌కి రిప్లై కొట్టి, అందులో సిమెంటు బిల్లు అడిగితే ఆ బిల్లు మళ్లీ ఎవరికీ కనబడదు.

లోపల రాసేదానికి మన బడి లీవ్ లెటర్ అలవాటు అడ్డం వస్తుంది. "రెస్పెక్టెడ్ సర్, విత్ రిఫరెన్స్ టు" అని మొదలుపెట్టి నాలుగు లైన్లు పోతే గానీ కావాల్సింది రాదు. పెద్ద ఇంజినీర్లు మెయిల్ చూసేది సైటులో, ఎండలో, ఫోన్లో. లిస్టులో కనబడేదే సబ్జెక్టు, ఒకటి రెండు లైన్లు. అడగాల్సింది ఆ మొదటి లైన్లోనే అడిగెయ్యాలి. మర్యాద ఆ తర్వాతి లైన్లలో చూపించుకోవచ్చు. తేదీలో నెలను అంకెతో రాయొద్దు. 03/04 అంటే మనకు ఏప్రిల్ మూడు, అమెరికా పద్ధతిలో మార్చి నాలుగు. నెల పేరు అక్షరాల్లో రాస్తే పేచీ లేదు.

ఇంక ఔట్‌లుక్‌లో (మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ ప్రోగ్రాం) ఫార్మాటింగ్, అంటే అక్షరాల రూపు. వాట్సాప్‌లోంచి ఒక పేరా, ఎక్సెల్లోంచి ఒక ముక్క, పాత మెయిల్లోంచి ఇంకొకటి తెచ్చి అతికిస్తే మూడు రకాల అక్షరాలు, మూడు సైజులు పడతాయి. పేస్ట్ చేసేటప్పుడే 'కీప్ టెక్స్ట్ ఓన్లీ' ఎంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఇప్పటికే పాడైతే ఆ ముక్కంతా సెలెక్ట్ చేసి కంట్రోల్, స్పేస్ బార్ కలిపి నొక్కితే రంగులూ బోల్డూ పోయి మామూలుగా అవుతుంది. ఎర్ర రంగులో అన్నీ క్యాపిటల్ లెటర్స్ పెడితే అరిచినట్టుంటుంది. మన వాళ్లకు ఇది ఎందుకో చాలా ఇష్టం.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. అరబిక్ మెయిల్‌కి రిప్లై ఇస్తూ ఇంగ్లీషులో టైపు చేస్తుంటే లైను కుడి పక్కకు పోయి అతుక్కుంటుంది, చివర పెట్టిన ఫుల్‌స్టాప్ ఎగిరి ఎడమవైపు మొదట్లో కూర్చుంటుంది. కీబోర్డు చెడిపోయిందని కొత్తవాళ్లు టెన్షన్ పడతారు. చెడిపోలేదు, ఆ పేరా కుడి నుంచి ఎడమకు రాసే పద్ధతిలో ఉంది. కంట్రోల్‌తో పాటు ఎడమ షిఫ్ట్ నొక్కితే మన దారికి వస్తుంది, కుడి షిఫ్ట్ నొక్కితే మళ్లీ అరబిక్ దారికి పోతుంది. ఇది ఔట్‌లుక్‌లోనే కాదు, వర్డ్‌లోనూ పనిచేస్తుంది.

కొన్ని ఆఫీసుల నుంచి డ్రాయింగ్ పంపామని చెప్పిన మెయిల్లో 'విన్‌మెయిల్ డాట్ డ్యాట్' అనే ఫైలు ఒకటే వస్తుంది. వైరస్ కాదు. పంపినవాళ్ల ఔట్‌లుక్ రిచ్ టెక్స్ట్ అనే దాని సొంత పద్ధతిలో ఉంది, అందుకున్నవాళ్ల మెయిల్‌కు అది అర్థం కాలేదు. అందరి మెయిల్‌కూ అర్థమయ్యే హెచ్‌టీఎమ్ఎల్ పద్ధతికి మార్చి మళ్లీ పంపమని అడగాలి. పెద్ద ఫైళ్లతో ఇంకో చిక్కు. జీమెయిల్ హద్దు 25 ఎంబీ అంటే 25 ఎంబీ డ్రాయింగ్ పోతుందని కాదు. మెయిల్లో పోవడానికి ఫైలును అక్షరాలుగా మార్చినప్పుడు సుమారు మూడో వంతు బరువెక్కుతుంది. ఫైలు 18 ఎంబీ దాటిందంటే లింకు పంపడమే మేలు. రిప్లై కొడితే పాత అటాచ్‌మెంట్లు రావు, ఫార్వర్డ్ కొడితేనే వస్తాయి. ఇది కూడా చాలామందికి తెలీదు.

రోజూ వచ్చే మెయిళ్లలో సగం మనకు ఊరికే సీసీ (తెలియడం కోసం పంపే కాపీ) పెట్టినవే. 'నా పేరు సీసీలో ఉంటే' అని ఔట్‌లుక్‌లో ఒక రూల్ (దానంతటదే పనిచేసే ఏర్పాటు) పెట్టుకుని వాటిని వేరే ఫోల్డర్‌కి మళ్లించండి, సాయంత్రం ఒకసారి చూస్తే సరి. ఇంకో రూల్ నాకు ప్రాణం: సెండ్ కొట్టినాక రెండు నిమిషాలు ఆపి పంపేది. పాత ఔట్‌లుక్‌లో ఉంది. కొత్తదాంట్లో అయితే అన్‌డూ సెండ్ పది సెకన్లకు మించి లేదు. కోపంలో రాసిన జవాబుకు ఆ రెండు నిమిషాలే దిక్కు. పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే రీకాల్ ఉంది కదా అంటారు. అది మన కంపెనీ లోపలి వరకే, బయటి కన్సల్టెంటుకు పోయిన మెయిల్‌ను అది వెనక్కి తేలేదు.

ఇక్కడ వారం ఆదివారంతో మొదలవుతుంది, శుక్ర శనివారాలు సెలవు. మన టైముకు రెండున్నర గంటలు వెనక. ఇండియా సప్లయర్లతో పని ఉంటే గురువారం పొద్దున్నే మెయిల్ పోవాలి, మధ్యాహ్నం దాటిందంటే జవాబు ఆదివారం చూసుకుంటాం, ఆ రోజు వాళ్లకు సెలవు. రంజాన్ నెలలో చట్టం ప్రకారమే పని వారానికి 48 గంటల నుంచి 36కి తగ్గుతుంది. ఆ నెల ఏది అడగాలన్నా పొద్దున్నే అడగాలి.

సొంత కాగితాలు ఆఫీసు మెయిల్లో మాత్రమే ఉంచుకోవద్దు. ఉద్యోగం మానిన రోజే ఆ అకౌంటు మూస్తారు. మీ జీతం స్లిప్పులు, కాంట్రాక్టు, సెలవు మంజూరు జవాబులు సొంత మెయిల్లోనూ ఉండాలి. నెల జీతగాళ్లకు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు (ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చేది) లెక్క కడతారు. సర్వీసు ఎంతో, జీతం ఎంతో చూపించడానికి ఈ కాగితాలే కావాలి. కంపెనీ డ్రాయింగులు, రేట్లు మాత్రం అలా పంపుకోకండి, అది వేరే తలనొప్పి.

సెలవుకు బయల్దేరే ముందు ఆటోమేటిక్ రిప్లై పెట్టండి. కంపెనీ లోపలివాళ్లకు ఒకటి, బయటివాళ్లకు ఇంకొకటి వేరువేరుగా రాసుకోవచ్చు. తిరిగి వచ్చే తేదీ, మీ బదులు ఎవరిని అడగాలో రాస్తే చాలు. ఇండియా నంబరు మాత్రం ఇవ్వొద్దు. ఇచ్చినారంటే కడప ఏడురోడ్ల దగ్గర కారం దోశె ముందు కూర్చున్నప్పుడే, రివిజన్ మూడు ఎక్కడుందని ఫోన్ వస్తుంది.