సాయం పుచ్చుకోవడం నేర్పిన బడి

మన బడి గురించి రాయమని పూర్వ విద్యార్థుల సంఘం అడిగితే చాలామందికి ఆటల పోటీలు, వార్షికోత్సవ నాటకాలు గుర్తొస్తాయి. నాకు మొదట గుర్తొచ్చేది స్టాఫ్ రూములో కిటికీ పక్కనున్న బల్ల.

పదో తరగతిలో ఉండగా నాన్న మంచాన పడ్డారు. అమ్మ ఎక్కువగా ఆసుపత్రిలోనే ఉండేది. బడికి వచ్చినా నా మనసు పాఠం మీద నిలిచేది కాదు. లెక్కల మాస్టారికి విషయమంతా తెలుసు. అయినా తరగతిలో అందరి ముందు ఒక్కసారి కూడా నాన్న సంగతి ఎత్తలేదు. సాయంత్రం బడి వదిలాక "మార్కులు కూడి పెట్టాలమ్మా, కాసేపు ఉండు" అని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. కూడికలు ఇట్టే అయిపోయేవి. మిగిలిన సమయమంతా నేను వినలేకపోయిన పాఠాలు మళ్లీ చెప్పేవారు. ఆయనకు నేనే సాయం చేస్తున్నానని నమ్మేదాన్ని.

మాస్టారు చేసిందేమిటో ఎన్నో ఏళ్ల తర్వాత ఒక అధ్యయనం గురించి చదివినప్పుడు బోధపడింది. మనస్తత్వ శాస్త్రవేత్త నియాల్ బోల్జర్, ఆయన సహచరులు 2000లో దాన్ని ప్రచురించారు. న్యాయవాద వృత్తిలోకి వెళ్లేందుకు కఠినమైన పరీక్షకు చదువుతున్నవారి చేత, వారి భాగస్వాముల చేత రోజూ డైరీ రాయించారు. భాగస్వామి సాయం చేసినట్టు రాసి, అవతలివారు దాన్ని సాయంగా గమనించని సందర్భాల్లోనే దిగులు ఎక్కువగా తగ్గిందట. సాయం అందుకుంటున్నామన్న స్పృహే ఒక్కోసారి మనిషిని చిన్నబుచ్చుతుంది. మాస్టారు ఏ అధ్యయనమూ చదవకుండానే ఆ బాధ నాకు తగలకుండా చూశారు.

అయితే కంటికి కనబడకుండా మోసిపెట్టగల బరువులు కొన్నే. నా భర్తకు మూత్రపిండాలు పాడైనప్పుడు ఆ సంగతి తెలిసింది. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల పాటు యంత్రం పక్కన పడుకోవాలి. వెళ్లిరావడం, వేచి ఉండడం, తిరిగొచ్చాక కమ్ముకునే నీరసం వేరే. తోడు వెళ్లేవాళ్ల రోజు కూడా దానితోనే గడిచిపోతుంది. "ఏదైనా అవసరమైతే చెప్పు" అని అందరూ మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ ఏది అవసరమో ఆలోచించి, ఎవరిని అడగాలో తేల్చుకుని, నోరు తెరిచి అడగడం కూడా ఒక పనే. సరిగ్గా ఆ పనికే ఓపిక ఉండదు.

మన బ్యాచ్‌లో చివరి బెంచీలో కూర్చునే స్నేహితురాలు ఏదీ అడగలేదు. ఫోను చేసి, "గురువారం ఆయన్ని నేను తీసుకెళ్తాను, నువ్వు ఇంట్లో పడుకో" అంది. "నీకెందుకు శ్రమ" అన్న మాట నాలుక దాకా వచ్చింది. అంతలో అమ్మ గుర్తొచ్చింది. నాన్న జబ్బు రోజుల్లో ఎవరు తోడుంటామన్నా అమ్మ "రండమ్మా" అని తలుపు తీసేది. సిగ్గుపడేది కాదు. వాళ్లు కూర్చున్న కాసేపు తాను నిశ్చింతగా కన్ను మూసుకునేది. అంత బాగా సాయం అందుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. "సరే, తొమ్మిదికల్లా వచ్చెయ్" అన్నాను. ఆ గురువారం మధ్యాహ్నం దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

పక్కన కూర్చుంటే జబ్బు తగ్గుతుందా అనేవాళ్లు ఉన్నారు. తగ్గదు. కానీ 2006లో జేమ్స్ కోన్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. కొద్దిపాటి విద్యుత్ షాక్ తగలవచ్చని కొందరు వివాహితలకు ముందే చెప్పి, వారి మెదడును స్కాన్ చేశారు. భర్త చేయి పట్టుకుని ఉన్నప్పుడు ముప్పుకు స్పందించే మెదడు భాగాల్లో అలజడి తగ్గింది. ముక్కూమొహం తెలియని మనిషి చేయి పట్టుకున్నా కొంత తగ్గింది. ముప్పు మాత్రం అలాగే ఉంది. అందుకే "ధైర్యంగా ఉండు" అని చెప్పి వెళ్లిపోయినవారికన్నా, ఏమీ అనకుండా నన్ను ఏడవనిచ్చినవారే నాకు ఎక్కువ ఆసరా అయ్యారు.

మన బ్యాచ్‌లో ఇప్పుడు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారని తెలుసు. నా ఫోను నంబరు సంఘం దగ్గర ఉంది. రాత్రిపూట తోడు ఉండడానికైనా, పిల్లలను బడి నుంచి తీసుకురావడానికైనా, ఊరికే పక్కన కూర్చోవడానికైనా పిలవండి. ఏ రోజు, ఎన్ని గంటలకో చెబితే చాలు.